పై కూపుకు పోయిన ఓబులేసు

ఫారెస్టు ఉద్యోగమంటే పులులు, దొంగరవాణా, తుపాకీ భుజాన వేసుకుని గుట్టలెక్కడం అని కొత్తగా చేరే పిల్లలు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. తీరా చూస్తే నా సర్వీసులో ఎక్కువ భాగం చెట్ల కింద కూర్చుని ఇంకొకరు చెప్పేది వినడంతోనే గడిచింది. ప్రమోషన్లు, బదిలీలు, మెమోల సంగతి ఇక్కడ రాయను. అవి ఏ డిపార్ట్‌మెంటులోనైనా ఒకటే. గిద్దలూరు వైపు నల్లమల కూపుల్లో నేను విన్న అబద్ధాల గురించి రాస్తాను. వాటిలో ఒకదాన్ని పట్టుబట్టి నేనే ఆపించాను. ఆ బాధ ఇంకా తీరలేదు.

కూపు అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. ఆ ఏడాది నరకడానికని హద్దులు గీసి ఇచ్చిన అడవి ముక్క అది. వానలు వెనకబట్టాక కూలీలు అక్కడ గుడిసెలు వేసుకుని ఎండాకాలం చివరిదాకా ఉండేవాళ్లు. చెట్టుకు సుత్తితో ముద్ర వేయడం నా పని, ముద్ర పడినదాన్ని కొట్టడం వాళ్ల పని. గుండ్లకమ్మ ఆ కొండల్లోనే పుట్టి కంభం, మార్కాపురం మీదుగా సముద్రానికి పోతుంది. దుంగలు ఎద్దుల బండ్ల మీద ఆ ఏటి వారనే కిందికి దిగేవి. వాటితో పాటు కూపులో పుట్టిన కతలూ దిగేవి.

లేని మొద్దు కోసం

నేను చేరిన తొలి ఏడు రంపం ముఠాకు దస్తగిరి మేస్త్రీ. గిద్దలూరు మనిషి. సన్నగా, ఒక భుజం కిందికి జారి ఉండేవాడు. ముఠాలో కులం మతం, చిన్నా పెద్దా చూడకుండా అందరికీ ఆయన మామే. మధ్యాహ్నం సంగటి తిన్నాక రంపాలకు ఆకురాయి పట్టే వేళ ఒకటి ఉంటుంది. ఒక్కో పన్నూ నిదానంగా రుద్దుకోవాలి, తొందరపడితే రంపం పాడవుతుంది. ఆ వేళ చేతులకే పని, నోటికి లేదు. దస్తగిరి అప్పుడు మొదలుపెట్టేవాడు.

నేను విన్న మొదటిది ఒక టేకు మాను గురించి. రంపానికి ఒక కొసన దస్తగిరి తాత, అవతలి కొసన రాచర్ల సాయిబు ఒకాయన. మాను లావుకు ఒకరి ముఖం ఒకరికి కనపడదు. లాగడం మొదలుపెట్టినప్పుడు ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. కేకలేసుకుంటూనే మంచీచెడూ మాట్లాడుకున్నారు. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. మాను సగం తెగేసరికి ఈయన కూతుర్ని ఆయన కొడుక్కి ఇచ్చేటట్టు మాటలయ్యాయి. మాను పడ్డాక మొదటిసారి ముఖాలు చూసుకున్నారు, అప్పటికే వియ్యంకులు. “మొగం ముందే చూసింటే పిల్లనిచ్చేవాణ్ణి కాదన్నాడు సార్ మా తాత” అని దస్తగిరి ఆకురాయి దులుపుకున్నాడు.

నేను కురిచేడులో రైలు పట్టాల పక్కన పెరిగిన సేద్యగాళ్ల పిల్లవాణ్ణి. అడవి తెలియదు, అడవి మనుషులు అసలే తెలియదు. అంత లావు మాను కొడితే మొద్దయినా మిగలాలి కదా, చూపించమన్నాను. పైన ఉంది సార్ అన్నారు ముఠా వాళ్లు, ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. పైకి పోయాను. అక్కడ వెదురు కొట్టేవాళ్లు, ఇంకొంచెం పైన సార్ అన్నారు. ఆ పైన బొగ్గుల వాళ్లు, నేను దారి తప్పాననీ, మొన్న ఆ మొద్దు మీదే ఒక పెళ్లి జరిగితే రెండు వైపుల చుట్టాలూ సరిపోయారనీ చెప్పారు. సాయంత్రానికి ముళ్లు గీరుకుపోయిన కాళ్లతో దిగివచ్చాను. దస్తగిరి వేడి టీ ఇచ్చి, కనపడిందా సార్ అని మర్యాదగా అడిగాడు.

మా రేంజర్ రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. ఈ సంగతి విని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నాకు చెప్పిన మాట కొత్తగా చేరే మీకూ చెబుతున్నాను. వాళ్లు చెప్పేది రాసుకోవద్దు, కానీ చెప్పడం ఆగిపోనివ్వద్దు. ఆకురాయి వేళ నోళ్లు మూసుకుని కూర్చున్న ముఠా ఉందంటే, వాళ్లలో ఎవరికో జబ్బు చేసిందనో, పని వదిలిపెట్టి పోబోతున్నారనో అర్థం చేసుకో అన్నాడు. నా సర్వీసంతా ఆ మాట పనికొచ్చింది.

మెల్లగా నాకు వాళ్ల కట్టుబాట్లు తెలిశాయి. కూపులో అబద్ధం అనే మాట ఎవరూ అనకూడదు. అన్నవాడు ఆ పూట అందరికీ వాగు నుంచి నీళ్లు మోయాలి. విన్నవాడు “ఆఁ, తర్వాత?” అనాలి, చేతనైతే ఇంకో ముక్క తగిలించాలి. చెప్పినవాడికి తన కతను వెనక్కి తీసుకునే హక్కు లేదు, ముందుకు నడపాల్సిందే. ఇంకొకటి, కూపులో చావు మాట ఎత్తరు. పాము కరిచి పోయినా, మాను మీదపడి పోయినా ఆ మనిషి ‘పై కూపుకు పోయినాడు’ అంటారు. అక్కడ ఆయన ఏం చేస్తున్నాడో ఆకురాయి వేళ చెప్పుకుంటారు, నవ్వుకుంటారు. ఇది నాకు మొదట్లో మింగుడు పడలేదు. చచ్చినవాడి మీద వేళాకోళమేమిటి అనిపించేది.

ఎండిపోయిన చప్పుడు

నాకు బాగా నచ్చిన దాన్ని ఒకటి చెప్పి అసలు సంగతికి వస్తాను. ఒక ఏడు కొమరోలు వైపు ఎంత ఎండ కాసిందంటే, గొడ్డలి దెబ్బ చప్పుడు గాలిలోకి రాకముందే ఎండిపోయి చెట్టుకు అంటుకుపోయిందట. వేసవంతా కూపులో చిన్న శబ్దం లేదు. పని జరగడం లేదని అధికారులు కూలీలను తిట్టారు. తొలకరి జల్లు పడగానే అంటుకున్న చప్పుళ్లన్నీ నాని ఒక్కసారిగా ఊడిపడ్డాయట. అడవిలో ఒక్క మనిషి లేడు, కొండంతా టకటకమని గొడ్డళ్ల మోత. కరువులో పుట్టి పెరిగినవాళ్లే ఇలాంటిది కట్టగలరు. ఈ కత విన్నప్పుడల్లా నవ్వు వచ్చేది, వెంటనే కురిచేడులో మా ఎండిన చేను గుర్తొచ్చేది.

ముసలి రేంజర్ తర్వాత వచ్చినాయన వేరు రకం. నిజాయితీపరుడు, ఎవరి చేతి టీ కూడా తాగడు. కానీ సరిగ్గా మాట్లాడని మనిషిని భరించలేడు. ఏది అడిగినా అవునో కాదో చెప్పాలి. కూపు వాళ్లు అలా చెప్పలేరు. ఎలుగుబంటి కనపడిందా అని అడిగితే, కనపడింది సార్, బీడీ అడిగింది అంటారు. ఆయనకు ఒళ్లు మండిపోయేది. చెడ్డవాడు కాడు, కానీ అడవికి రావలసినవాడు కాదని నా అభిప్రాయం. ఇప్పుడు మీకూ అలాంటి అధికారులే ఎక్కువగా తగులుతారు. వాళ్లతో వాదించవద్దు. అయితే వాళ్ల మాట అడవిలోకి మోసుకుపోయే ముందు ఒకసారి ఆలోచించండి.

వాగు వచ్చిన సాయంత్రం

ఓబులేసు బండివాడు, రాచర్ల పక్క పల్లె వాడు. కూపులో దుంగలు తోలేవాడు, బండి ఖాళీగా ఉంటే రంపం పట్టేవాడు. బక్క మనిషి, తిండి మాత్రం మెండు. ఏ ఇంట్లో కూర్చున్నా ఉల్లిపాయ అడగకుండా ముద్ద ముట్టడు. బేరమాడకుండా బీడీకట్ట కూడా కొనడు. వాడి పెళ్లాం తిరుపాలమ్మ అప్పుడప్పుడు గుడిసెలకు వచ్చి సద్ది ఇచ్చి పోయేది.

ఆ ఏడు కూపు తెరిచాక, వానలు పోయాయనుకున్నాక తుఫాను పట్టింది. మా దగ్గర చినుకులే, పైన కొండల్లో గట్టిగా కురిసింది. వాగు ఇసుకలో బండ్లు విప్పి, ఎద్దులను కట్టేసి ఉన్నారు. మెత్తని ఇసుక కదా, ఎద్దులు అక్కడ సుఖంగా పడుకుంటాయి. సాయంత్రం పూట ఎగువన గలగలమని మోత వినిపించింది. మేం ఒడ్డెక్కి చూసేసరికి నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఓబులేసు దిగి తన జత ఎద్దుల పలుపులు కోశాడు. ఎద్దులు ఈది గట్టెక్కాయి. పేర్చిన దుంగలు కదిలి వాడి మీదికి వచ్చాయి. ఒక దుంగ పట్టుకుని దాని మీదికి పాకడం అందరం చూశాం. మలుపు తిరిగింది, మళ్లీ కనపడలేదు.

ఎన్ని రోజులు వెతికామో చెప్పలేను. ఆ వాగు గుండ్లకమ్మలో కలుస్తుంది, కంభం చెరువు దాకా ఏటి రెండు గట్లూ నడిచాం. దుంగలు దొరికాయి, మనిషి దొరకలేదు. దస్తగిరీ నేనూ ఆ జత ఎద్దులను తోలుకుని వాళ్ల పల్లెకు పోయాం. గాలిస్తున్నారమ్మా అని తిరుపాలమ్మకు చెప్పాను. ఆమె ఎద్దులను చూసింది. వాటికి చొప్ప వేయడానికి లేచి వెళ్లింది.

ఏటి వెంట ఒక కత

ముఠా పనిలోకి వచ్చింది కానీ ఆకురాయి వేళ ఒక్కరికీ మాట లేదు. నాకు భయమేసింది. ఒక మధ్యాహ్నం దస్తగిరి తలెత్తకుండానే మొదలుపెట్టాడు.

“ఓబులేసు దుంగ మీద కంభం చెరువు దాటినాడంట. జాలరోళ్లు వల ఏసి పట్టబోతే, వల లాక్కోని దుప్పటి మాదిరి కప్పుకోని పండుకున్నాడంట.”

తర్వాత ఎవరో, “ఆఁ, తర్వాత?” అన్నారు. లేచినాక ఏమడిగినాడు అని ఇంకొకరు. ఉల్లిపాయ అడిగినాడు అని అందరూ ఒకేసారి అన్నారు. నవ్వారు, ఏడ్చారు. ఆ రోజు నుంచి పని సాగింది.

కత బండ్లతో దిగింది. కంభం టీ కొట్ల దగ్గర ఒక ముక్క తగిలింది. మార్కాపురంలో పలకల క్వారీల వాళ్లు ఇంకోటి తగిలించారు. ఓబులేసు వాళ్లకు దుంగ అమ్మజూపాడట, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బేరం కుదరక, మీ రాళ్ల కంటే నా దుంగే మేలని మళ్లీ ఎక్కి వెళ్లాడట. డిపో పని మీద పోయి నేనే విన్నాను. వాణ్ణి ఎప్పుడూ చూడనివాళ్లు వాడి పేరు చెప్పుకుని నవ్వుతున్నారు. మనసుకు కొంచెం హాయిగా అనిపించిన మాట నిజం.

ఆ సంక్రాంతి దాటాక తిరుపాలమ్మ అన్న సుబ్బయ్య గిద్దలూరులో మా క్వార్టరుకు వచ్చాడు. పెద్దమనిషి, బోరు కింద నాలుగెకరాలు చేసుకునే రైతు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, మా చెల్లెలు ఊర్లెంబడి తిరుగుతా ఉంది. కంభం పోయింది, మార్కాపురం పోయింది, ఇంగా కిందికి పోతానంటుంది. ఆయప్ప ఈడ కనపడినాడు, ఆడ కనపడినాడని మీ కూపోళ్లు చెప్పిన కత పట్టుకోని. చేను బీడు పడింది. బిడ్డ బడి మానేసి ఎద్దుల ఎంట పోతా ఉంది. మనిషి ఏమైపోతాదో తెల్దు. ఆ కత ఆపించండి సార్.”

నేను రేంజరుకు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఒక ఆడమనిషి బతుకుతో ఆటలా, వెంటనే ఆపించు అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. ఒక పిచ్చి ఆశ ఆమెను ఊరూరా తిప్పుతోంది, దాన్ని తుంచితే ఆమె ఇంటికి చేరుతుంది అనుకున్నాను. ఇప్పుడు ఎవరు నా దగ్గరికి అదే మాటతో వచ్చినా అలాగే అనుకుంటానేమో.

ముగింపు

దస్తగిరి నేను చెప్పింది ఓపికగా విన్నాడు. చెప్పిన కతను లేదనడానికి తనకు హక్కు లేదన్నాడు. అది నాకు తెలుసు. లేదనొద్దు, ముందుకు నడిపి ముగించు అన్నాను. సముద్రం దాకా తీసుకుపోయి చాలించు, ఆమె ముందర చాలించు.

“ముగిస్తే వాణ్ణి నా చేత్తో నేను పూడ్చినట్లే గదా సార్.”

ఆమె బిడ్డ సంగతి చూడమన్నాను. బడి మానేసిన పిల్ల పేరు చెప్పగానే ఆయన తల దించుకున్నాడు. సరే పిల్చండి అన్నాడు.

సుబ్బయ్య చెల్లెల్ని బండిలో తీసుకొచ్చాడు. ఆకురాయి వేళే. ముఠా అంతా కూర్చుని ఉంది. తిరుపాలమ్మ కొంగు నిండుగా కప్పుకుని గుడిసె నీడలో కూర్చుంది. ఎండకు తిరిగి తిరిగి నల్లబడింది కానీ, నేను అనుకున్నట్టు పిచ్చిదానిలా లేదు. దస్తగిరిని బాగున్నావా మామా అని పలకరించింది. కత వినడానికి రమ్మన్నారని తెలిసి వచ్చింది. ఆమె ముఖంలో పండగకు పిలిస్తే వచ్చిన మనిషి ముఖంలో ఉండే కళ ఉంది. అది చూసి కూడా నేను ఆగలేదు.

దస్తగిరి మెల్లగా చెప్పాడు. ఓబులేసు కిందికి పోయినాడు, ఇంకా కిందికి పోయినాడు. ఏటికి రెండు గట్లూ దూరమైపోయినాయి. నీళ్లు ఉప్పగా తగిలినాయి. ముందర చూస్తే అవతలి గట్టు లేదు. దుంగను పడవ చేసుకోమని అక్కడ చేపలు పట్టే పల్లెకారులకు ఇచ్చేసినాడు. బేరం ఆడలేదు.

“అలిసిపోయినాడు. ఆ నీళ్లల్లోనే పండుకున్నాడు. మళ్ల లేయలేదు. ఆడికి అయిపోయింది.”

ఎవరూ “ఆఁ, తర్వాత?” అనలేదు. ఆకురాళ్లు ఆగిపోయాయి. తిరుపాలమ్మ దస్తగిరి వైపు చూస్తూనే ఉంది, ఇంకా ఉంటుందేమోనని. లేదని అర్థమయ్యాక నా వైపు తిరిగింది. ఇది ఎవరి పనో ఆమెకు తెలిసిపోయింది.

“ఆయప్ప పోయినాడని నాకు ఎద్దులొచ్చిన రోజే తెల్సు సార్. వాటిని ఇడిసిపెట్టి ఉండేటోడు కాదు. మా ఊర్లో ఆయన పేరెత్తితే అందరూ తలకాయ దించుకుంటా ఉండిరి. మా అన్న గూడా అంతే. ఆ ఊర్లల్లో అయితే నవ్వుకుంటా చెప్పేటోళ్లు. ఊరికొక ముక్క ఉండేది. అది ఇనేదానికి పోతా ఉంటి.”

అంతే అంది. గట్టిగా అనలేదు, ఏడవలేదు. సుబ్బయ్య వచ్చి చెయ్యి పట్టుకుంటే లేచి బండెక్కింది.

తర్వాత జరిగింది

పైకి చూస్తే అంతా మేం కోరుకున్నట్టే జరిగింది. ఆమె ఊళ్లు తిరగడం మానేసింది. చేను దున్నించింది. పిల్ల బడికి పోయింది, తర్వాత బాగానే చదువుకుంది. సుబ్బయ్య ఎక్కడ కనపడినా నాకు దణ్ణం పెట్టేవాడు. రేంజర్ నన్ను మెచ్చుకున్నాడు. చేసింది తప్పని ఇప్పటికీ నేను అనలేను. చేయకుండా ఉండి ఉంటే బాగుండేదని మాత్రం రోజూ అనుకుంటాను. పిల్లను బడికి పంపే మార్గం ఇంకొకటి ఉండేది. సుబ్బయ్యను కూర్చోబెట్టి మాట్లాడితే, మేనమామగా కొన్ని నెలలు పిల్లను చూసుకునేవాడు. తల్లి తన మొగుడి వెంట ఏరు పొడుగునా నడిచి, తనకు చాలనిపించినప్పుడు తనే తిరిగి వచ్చేది. మేం ఎవరం ఆమెను అడగలేదు. ఏం కావాలమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే చెప్పేది.

దస్తగిరి ఆ తర్వాత ఆకురాయి వేళ నోరు విప్పలేదు. ముఠా అడిగేది, ఆయన రంపం పళ్ల వంక చూస్తూ ఉండేవాడు. కత ముగిసిందన్న కబురు కూడా బండ్లతో దిగింది. కొన్నాళ్లకు మార్కాపురంలో ఒక టీ కొట్టు దగ్గర నేనే ఉండబట్టలేక, ఓబులేసు సంగతులేమన్నా ఉన్నాయా అని అడిగాను. అది అయిపోయిందంట గదా సార్, కూపోళ్లే చెప్పినారు అన్నాడు కొట్టతను. వాళ్ల కట్టుబాటు అంత గట్టిది. ముగిసిందన్నాక ఏటి పొడుగునా ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత అడవిలో చెట్టు కొట్టడమే ఆగిపోయింది. పులులకు వదిలేశారు. మంచిదే, అడవి అడవిగా ఉండాలి. ముఠాలు చెదిరిపోయాయి. కొందరు క్వారీలకు పోయారు, కొందరు గొర్రెలు పెట్టుకున్నారు. దస్తగిరి గిద్దలూరులో కొడుకు దుకాణం ముందు కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఆయన పోయినప్పుడు చనిపోయాడు అనే అందరూ అన్నారు. పై కూపుకు పంపడానికి ముఠా లేదు. నాకు ఆ మాట అనాలనిపించింది. కూపులో అన్నం తిన్నవాణ్ణే కానీ చెట్టు కొట్టినవాణ్ణి కాదు, అందుకని అనలేకపోయాను.

పోయిన ఏడు గిద్దలూరు ఆటో స్టాండులో తిరుపాలమ్మ కనపడింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే సార్ అని పిలిచింది. జుట్టంతా నెరిసింది. మోకాళ్లకు మందులు తెచ్చుకుని రాచర్ల ఆటో కోసం నిలబడి ఉంది. మనవరాలి పెళ్లయిందని చెప్పింది. ఆమె చేతిలో సంచి బరువుగా ఉంటే తీసుకుని పట్టుకున్నాను. ఇద్దరం కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఆమె ఆటోల వైపు చూస్తూ, మామూలుగా అడిగింది.

“సార్, ఇప్పుడు యాడుంటాడంటారు?”

ఎవరని నేను అడగలేదు. ఇన్నేళ్లు అంతమంది దగ్గర విన్నవాణ్ణి, ఒక్క ముక్క దొరక్కపోతుందా అనుకున్నాను. సముద్రం దాటి రంగూన్ వైపు చేరి ఉంటాడన్నాను. అక్కడ టేకు ఎక్కువ, పని దొరికి ఉంటుంది, ఆరోగ్యం బాగానే ఉండి ఉంటుందన్నాను. ఆపైన ఏం చెప్పాలో తెలియక, అక్కడ కూడా వానలు బాగానే పడతాయన్నాను.

తిరుపాలమ్మ చివరిదాకా విన్నది. నా మీద జాలిపడుతున్నట్టు తల ఊపింది.

“మీరు చెప్తా ఉంటే రిపోర్టు మాదిరి ఉంది సార్” అంది. నా చేతిలోని సంచి తీసుకుని ఆటో ఎక్కి కూర్చుంది.